ఒకటి నుంచి లెక్కపెట్టిన డ్యూటీ అక్క

శుక్రవారం సాయంత్రం నాలుగైందంటే ఆ బస్సు డిపోలో ఎవరి కాలూ ఒకచోట నిలవదు. టీ తాగేవాడు గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చేస్తాడు. బస్సు కింద దూరినవాడు గ్రీజు చేతులతోనే పరిగెడతాడు. అందరూ వచ్చి పోగయ్యేది ఆఫీసు గది కిటికీ పక్కనున్న నోటీసు బోర్డు దగ్గర. వచ్చేవారం ఎవరు ఏ బస్సు తోలాలి, ఎవరిది పొద్దుటి డ్యూటీ, ఎవరిది మధ్యాహ్నం డ్యూటీ, అన్నిటికంటే ముఖ్యంగా ఆదివారం సెలవు ఎవరికి దక్కింది, ఇవన్నీ ఉన్న కాగితం నాలుగు మూలలా పిన్నులు గుచ్చి అక్కడ పెట్టేది డ్యూటీ అక్క.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేలాడేసుకుంటుంది, అయినా రోజుకి మూడుసార్లు దాన్ని వెతుక్కుంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఆవిడకి నగల మీద మోజు లేదు, చీరల మీద మోజు లేదు. ఉన్నదల్లా ఒక్కటే గర్వం. "నా దగ్గర మావాళ్ళు, మీవాళ్ళు అని ఉండదు" అనేది. నిజంగానే ఉండేది కాదు.

డ్రైవర్లు నలభైమంది. ఆదివారం బస్సులు తక్కువ తిరుగుతాయి కాబట్టి ఆ రోజు పదిమందికి సెలవు. మిగతావాళ్ళకి వారంలో ఇంకో రోజు. సెలవు సెలవే కదా అనుకుంటారేమో, అస్సలు కాదు! మంగళవారం ఇంటికెళ్తే పెళ్ళాం ఉద్యోగానికి, పిల్లలు బడికి పోయుంటారు, కుక్క కూడా గుర్తుపట్టదు. ఆదివారం అంటేనే సెలవు. అందుకని ఎప్పుడో పాతరోజుల్లోనే అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. వంతులు వద్దు, వంతులంటే మార్చుకోవడాలూ దెబ్బలాటలూనూ, చీటీలు తీద్దాం, ఎవరి అదృష్టం వాళ్ళది అని. మొదట్లో డ్యూటీ అక్క ఖాళీ బిస్కెట్ల డబ్బాలో చీటీలు వేసి కలిపేది. ఆ తర్వాత డిపోకి కంప్యూటరొస్తే, చీటీలు తీసే ప్రోగ్రాము తానే రాసింది. పెళ్ళికి ముందు ఆరు నెలలు కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంది లెండి. టైపు ఇన్‌స్టిట్యూట్ పైన రేకుల గదిలో, ఆరుగురికి ఒక కంప్యూటరు. ఆ ఒక్క భాషతోనే ఇరవయ్యేళ్ళు డిపోని నడిపించేసింది.

ఒకరోజు పొద్దున ఆ కంప్యూటరు కళ్ళు తెరవలేదు. బాగుచేసే ఆయనొచ్చి మూత విప్పి, లోపలికి చూసి, మళ్ళీ మూసేశాడు.

"అక్కా, దీనికి మందు లేదు. దండ వెయ్యడమే."

కొత్త కంప్యూటరొచ్చింది. అందులో పాత కోబాల్ ప్రోగ్రాము నడవదన్నారు. డిపో మేనేజరు కొత్తగా వచ్చినాయన, అన్నీ గబగబా అయిపోవాలి. "బయటివాళ్ళని పిలిచి కొత్త భాషలో రాయించేద్దాం మేడమ్" అన్నాడు.

డ్యూటీ అక్కకి చురుక్కుమంది. "బయటివాళ్ళెందుకు సార్? నేను చచ్చానా?"

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళింది. తమ్ముడి భార్యకి కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. ఆ మరదలికీ ఈవిడకీ ఒక్క క్షణం పడదు, ఒక్కరోజు చూసుకోకపోతే తోచదు.

"వదినా, పైథాన్ అనే భాష నేర్చుకో. చాలా తేలిక" అని ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టింది మరదలు. "ఒక్కటే మాట. మొదటి పాఠం మాత్రం వదలకుండా చదువు."

"ఏవుంటుందే అందులో?"

"లెక్క ఎలా పెడుతుందో, వరసలు ఎలా రాస్తుందో..."

"నువ్వు గౌన్లేసుకుని తిరిగేనాటికే నేను వరసలు రాశానమ్మా! నాకు లెక్కలు చెప్పొచ్చావా?"

"అయ్యో, తమరు పండితులు, మర్చిపోయాను. రెండో పాఠం నుంచే మొదలెట్టండి."

మరదలు వేళాకోళానికి అంది. డ్యూటీ అక్క నిజంగానే రెండో పాఠం నుంచి మొదలెట్టింది.

మొదటి వారమంతా అగచాట్లే. కోబాల్ అంటే పెద్దమనిషి తరహా భాష. ప్రతిదీ విడమర్చి, పూర్తి వాక్యాల్లో, చివర చుక్కపెట్టి చెప్పాలి. ఈ కొత్తదేమో రెండు ముక్కల్లో తేల్చెయ్యమంటుంది. పైగా పంక్తికి ముందు ఖాళీ ఒక్కటి ఎక్కువైనా, తక్కువైనా మూతి ముడుచుకుంటుంది. "కొత్త కోడల్లా ఉందే ఇది! ఎక్కడ నిలబడి మాట్లాడామో చూస్తుంది గానీ ఏం మాట్లాడామో వినదు" అని ఇంట్లో విసుక్కునేది. ఇంటాయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. "కొండచిలువ పేరున్నదాన్ని తెచ్చి పెంచుకుంటూ, బుస కొట్టిందని ఏడిస్తే ఎలా?"

అయినా పట్టు వదల్లేదు. మూడు వారాలకి ప్రోగ్రాము తయారైంది. డ్రైవర్ల పేర్లన్నీ ఉద్యోగంలో చేరిన వరసలో పెట్టింది. అందరికంటే ముందు చేరినాయన మొదట, నిన్నగాక మొన్న చేరినవాడు చివర. తర్వాత కంప్యూటరుకి చెప్పింది: ఒకటికీ నలభైకీ మధ్య ఒక్కొక్క అంకె తియ్యి, ఆ అంకె మీదున్న మనిషికి ఆదివారం రాయి, పదిమంది అయ్యేదాకా తీస్తూ ఉండు. కోబాల్‌లో ఇరవయ్యేళ్ళు చెప్పిన మాటే, కొత్త భాషలో చెప్పింది.

మీట నొక్కింది. బాగానే వచ్చింది. మళ్ళీ నొక్కింది. ఎర్రక్షరాల్లో తిట్టింది. ఇంకోసారి నొక్కితే బాగానే వచ్చింది, ఆ పైసారి మళ్ళీ తిట్టింది. తిట్టినప్పుడల్లా చూస్తే తేలిందేమిటంటే, నలభై అనే అంకె వచ్చినప్పుడే దానికి కోపం వస్తోంది. నలభయ్యోవాడు లేడంటోంది.

లేకపోవడమేమిటి? ఆఖరున చేరినవాడు గుండ్రాయిలా బయట టీ తాగుతున్నాడు!

మరదలికి ఫోను చేద్దామనుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. "పండితులు" అన్న మాట గుర్తొచ్చి కింద పెట్టేసింది. నలభై తీసేసి ముప్పై తొమ్మిది అని మార్చి చూసింది. పది సార్లు నొక్కింది, ఇరవై సార్లు నొక్కింది. కిక్కురుమనలేదు. ఆఖరున చేరినవాడికి ఆదివారాలు వస్తాయో రావో అని మాత్రం ఒక కన్నేసింది. ఏడోసారికి వాడి పేరు చక్కగా వచ్చింది. సరే, దీని పద్ధతేదో దీనిది, ఎలాగైతేనేం పని జరుగుతోంది కదా అనుకుంది. వరస చివర చూసింది. వరస మొదలు చూడాలని తోచలేదు.

వరస మొదట్లో ఉన్నాయన నిదానం బాబాయ్.

ముప్పై మూడేళ్ళ సర్వీసు. బస్సుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తోలతాడని ఆ పేరొచ్చింది. ప్రయాణికులు విసుక్కుంటారు గానీ, ఆయన బస్సులో నిలబడ్డ ముసలమ్మ తూలిపడింది ఎప్పుడూ లేదు. డ్యూటీ అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ బస్సు ఎటు పోతుందో చెప్పి నేర్పిందాయనే. ఆయనది ఎప్పుడూ మధ్యాహ్నం డ్యూటీ. ఆయన భార్య సబ్బుల కంపెనీలో డబ్బాలు కడుతుంది, పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది. ఆవిడ ఇల్లు చేరేసరికి ఈయన బస్సులో ఉంటాడు, ఈయన ఇల్లు చేరేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది. ఆవిడకి సెలవు ఆదివారం ఒక్కటే. నెలకి ఒకటో రెండో ఆదివారాలు ఈయనకీ కలిస్తే, ఆ ఒకటి రెండు రోజులే వాళ్ళ కాపురం.

కొత్త ప్రోగ్రాము వచ్చిన ఆరో వారం బాబాయ్ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం తల్లీ, నా పేరు తట్టటం లేదేంటి నీ మిషనుకి?"

అప్పటికి డ్యూటీ అక్క గాల్లో తేలుతోంది. కొత్త భాష నేర్చుకుందని మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ఆ ఊపులో నవ్వేసింది.

"మిషనుకి చుట్టరికాలుంటాయా బాబాయ్? నీ అదృష్టం బాలేదు, అంతే!"

చుట్టూ ఉన్న డ్రైవర్లు ఘొల్లుమన్నారు. వాళ్ళలో ఒకడికి రేడియో అని పేరు, నోరు మూతపడదు కాబట్టి. "బాబాయ్ బస్సుకంటే నిదానం ఆయన అదృష్టం" అన్నాడు వాడు. బాబాయ్ కూడా నవ్వి వెళ్ళిపోయాడు.

పదో వారం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట చెప్పింది. ఈసారి ఆయన నవ్వలేదు.

పదమూడో వారం ఆయన భార్య వచ్చింది. కంపెనీలో పూట సెలవు పెట్టి, చేతిలో సంచితో వచ్చింది. డ్యూటీ అక్కకి ఆవిడ పిన్ని వరస.

"అమ్మాయ్, దాచకుండా చెప్పు. ఈయనే అడిగి ఆదివారం డ్యూటీలు వేయించుకుంటున్నారా?"

"అయ్యో, అదేంటి పిన్నీ?"

"పదమూడు వారాలమ్మా! ముప్పై మూడేళ్ళ సర్వీసున్న మనిషికి ఒక్క ఆదివారం దొరకదా? నేనూ ఆయనా మాట్లాడుకుని మూడు నెలలైంది. గ్యాస్ అయిపోయింది, పాలు తెచ్చాను, ఇలా చీటీలు రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటున్నాం. మేం ఆలుమగలమా, అద్దెకున్నవాళ్ళమా? వేసవిలో మాటామాటా అనుకున్నాంలే మేమిద్దరం. అది మనసులో పెట్టుకుని ఇంటికి రావడం మానేశారేమో అని..."

"పిన్నీ, నా మాట నమ్ము. ఇది కంప్యూటరు తీసే చీటీ. తప్పు జరగడానికి వీల్లేదు. నేనే రాశాను."

"తప్పు జరగదంటావా?"

"జరగదు."

పిన్ని కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. "అయితే సరే" అని సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ "సరే"లో ఏముందో అప్పుడు డ్యూటీ అక్కకి అర్థం కాలేదు. అడిగినవాళ్ళకి సమాధానం చెప్పానన్న తృప్తితో మధ్యాహ్నం హాయిగా భోంచేసింది కూడా.

ఆ తర్వాతి వారం మేనేజరు పిలిచాడు. మిగతా డిపోల డ్యూటీ క్లర్కులు ఎనిమిదిమంది వస్తారనీ, కొత్త భాష ఎలా మొదలుపెట్టాలో, ప్రోగ్రాము ఎలా రాయాలో వాళ్ళకి ఈవిడే చెప్పాలనీ అన్నాడు. డ్యూటీ అక్క సంబరం చూడాలి! వచ్చినవాళ్ళకి మొదటి నుంచీ చెప్పాలి కదా. అందుకని, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, లావుపాటి పుస్తకం తీసి మొట్టమొదటిసారి మొదటి పాఠం తెరిచింది.

మూడో పేజీలో ఉంది. ఈ భాషలో వరసలో నిలబడ్డ మొదటివాడి నంబరు ఒకటి కాదట. సున్నా అట. రెండోవాడిది ఒకటి, మూడోవాడిది రెండు. నలభైమంది ఉంటే ఆఖరివాడిది ముప్పై తొమ్మిది.

ఇంకోసారి చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తను చెప్పింది ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా తియ్యమని. అంటే రెండోవాడి దగ్గర్నుంచి ఆఖరివాడి దాకా. మొదటివాడి చీటీ అసలు డబ్బాలో పడనే లేదు.

ముందున్న డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది. ఎర్రక్షరాల్లో అది తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. పాపం అది చెప్పింది, నలభై లేదమ్మా అని ముక్కుసూటిగా చెప్పింది. ఎందుకు లేదని అడగకుండా నోరు మూయించేసింది తనే. ఒక్క ఫోను చేసుంటే అయిపోయేది. మరదలి దగ్గర చిన్నబోవాల్సొస్తుందని, ఒక మనిషి పద్నాలుగు ఆదివారాలు మింగేసింది.

ఒకటి కొట్టేసి సున్నా పెట్టింది. అర నిమిషం పని. ఎవరూ చూడలేదు.

అక్కడితో చెప్పేసి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పలేదు. ఇంకేం, సరిచేశాగా, వచ్చే శుక్రవారం నుంచి బాబాయ్ పేరు వస్తుంది, గొడవ సద్దుమణుగుతుంది అని తనకి తనే నచ్చజెప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మీట నొక్కింది. పది పేర్లొచ్చాయి. బాబాయ్ పేరు లేదు!

చీటీ అంటే చీటీయే కదా. డబ్బాలో వేసినంత మాత్రాన చేతికి తగలాలని ఎక్కడుంది? ఇప్పుడు మాత్రం నిజంగానే ఆయన అదృష్టం బాలేదు. డ్యూటీ అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. తలుపు వైపు ఒకసారి చూసి, ఇరవై నాలుగేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. రెండోసారి నొక్కింది. రాలేదు. మూడోసారి నొక్కింది. నాలుగోసారికి బాబాయ్ పేరు వచ్చింది. మొదటిసారి వచ్చిన పదిమందిలో రేడియో ఉన్నాడు. నాలుగోసారిలో వాడు లేడు. ఆ కాగితమే అచ్చుతీసి బోర్డుకి పెట్టింది. పిన్ను గుచ్చుతుంటే వేలికి గుచ్చుకుంది.

బోర్డు చూసి బాబాయ్ కిటికీ దగ్గరికొచ్చాడు. సంతోషంతో వస్తున్నాడనుకుంది.

"తల్లీ, ఈ ఆదివారం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి."

"అదేంటి బాబాయ్! ఇన్నాళ్ళకి వస్తే..."

"మీ పిన్ని ఇంట్లో లేదు. వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళి తొమ్మిది రోజులైంది." గొంతు తగ్గించాడు. "నీ దగ్గరికొచ్చి అడిగిందట కదా. నువ్వు తప్పు జరగదన్నావట. మిషను తప్పు చెయ్యదు, అమ్మాయి తప్పు చెయ్యదు, మరి అబద్ధం ఎవరిది అంది నాతో. ఏం చెప్పను? నాకు మాత్రం తెలుసా ఎందుకు రావటం లేదో? ఖాళీ ఇంట్లో ఆదివారం ఏం చేసుకుంటానులే. ఆ రేడియోగాడికి ఇవ్వు, వాళ్ళ అక్క కొత్తింట్లో దిగుతోందట, సామాను మొయ్యాలని గోలపెడుతున్నాడు."

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. వెనకాల నలుగురు డ్రైవర్లు నిలబడున్నారు. "సరే బాబాయ్" అంది.

రేడియోకి చెబితే ఎగిరి గంతేశాడు. "అక్కా, నువ్వు దేవతవక్కా! ఇలాంటి న్యాయం ఇంకే డిపోలో ఉంది?"

చెంప మీద కొట్టినా అంత బాధపడేది కాదేమో.

ఆ సాయంత్రం మరదలి దగ్గర కూర్చుని అంతా చెప్పింది. ఎకసెక్కాలాడుతుందనుకుంది. మరదలు ఆడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"వదినా, ఈ తప్పు మేమందరం చేశాం. ఇంకా చేస్తూనే ఉంటాం."

"మీరు చేస్తే లెక్క తప్పుతుందే. నేను చేస్తే పిన్ని ఇల్లొదిలి వెళ్ళిపోయింది."

"సరిచేసేశావుగా మరి."

"ప్రోగ్రాము సరిచేశాను." కొంగుతో కళ్ళజోడు తుడుస్తూ అంది. "పిన్ని బుర్రలో నేను పెట్టిన మాట ఎవరు సరిచేస్తారు? తప్పు జరగదని నేనే కదా చెప్పాను!"

మర్నాడు మేనేజరుకి చెప్పింది. ఆయన గడియారం చూసుకుంటూ విన్నాడు. "ఇప్పుడు బాగానే ఉంది కదా మేడమ్? మరెందుకు లేనిపోనిది కెలకడం? పదిరోజుల్లో ఎనిమిది డిపోలవాళ్ళొస్తున్నారు. ఈ మాట బయటికి రానివ్వకండి" అన్నాడు. అలా అనాలనే మనసులో ఎక్కడో కోరుకుందేమో, వినగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికి తన మీద తనకే అసహ్యం వేసింది. చేతిసంచి తీసుకుని, పూట సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, పిన్ని చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, చుట్టూ బట్టల ముక్కలు. ఆ శనివారం కంపెనీ ఒంటిపూటే కావడంతో పిన్ని అప్పుడే వచ్చి, చెల్లెలి కోసం చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"ఏమ్మా, ఆయన పంపించారా?"

"లేదు పిన్నీ. నేనే వచ్చాను. తప్పు నాది."

సున్నా అంది, ఒకటి అంది, వరస అంది. పిన్నికి ఒక్క ముక్క ఎక్కలేదు. చివరికి డ్యూటీ అక్క గుండీల డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి, బల్ల మీద వరసగా పేర్చింది. మొదటిది కాస్త పెద్ద గుండీ.

"ఇది బాబాయ్. ఇదిగో, ఇక్కణ్ణించి చీటీలు తియ్యమన్నాను నేను." వేలు రెండో గుండీ మీద పెట్టింది.

"మరి ఆయన?"

"ఆయన పేరు డబ్బాలో లేదు పిన్నీ. పద్నాలుగు వారాలూ లేదు. నువ్వు వచ్చి అడిగిన రోజు కూడా లేదు."

పిన్ని గుండీ వైపే చూస్తూ కూర్చుంది. తిడుతుందని ఎదురుచూసింది డ్యూటీ అక్క. తిడితే బాగుణ్ణు అనుకుంది.

"అప్పుడు నీకు తెలుసా?"

"అప్పుడు తెలీదు. మొన్న బుధవారం తెలిసింది. నిన్న బాబాయ్ నా ఎదురుగా నిలబడి చెప్పినప్పుడు మాత్రం తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు."

"ఆయన ప్రమాణం చేశారమ్మా నాకు" అంది పిన్ని మెల్లిగా. "ఆదివారం డ్యూటీలు నేను అడగలేదని ప్రమాణం చేశారు. ముసలితనంలో అబద్ధాలు నేర్చుకున్నారా అన్నాను. ఆ మాటకి ఆయన అన్నం ముందునుంచి లేచిపోయారు. నీ తప్పు నువ్వు వచ్చి చెప్పుకున్నావు. నేను అన్న మాట నేనెక్కడికి తీసుకెళ్ళి చెప్పుకోను?"

డ్యూటీ అక్క బల్ల మీది గుండీలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. లోపల్నుంచి చెల్లెలు మంచినీళ్ళు తెచ్చి పెట్టి, మొహాలు చూసి వెనక్కి వెళ్ళిపోయింది. చివరికి పిన్నే సూది పక్కన పెట్టింది.

"నువ్వు ఆయన్ని పదిమందిలో నవ్వులపాలు చేశావట, అదృష్టం బాలేదని. పదిమందిలోనే చెప్పు."

తర్వాతి శుక్రవారం నాలుగు గంటలకి డ్యూటీ అక్క చేతిలో కాగితం లేదు. బోర్డు దగ్గర నిలబడి చెప్పింది. సున్నా గొడవంతా చెప్పలేదు. "మొదటి పాఠం నాకు వచ్చులే అని వదిలేశాను. బాబాయ్ పేరు పద్నాలుగు వారాలు డబ్బాలో వెయ్యలేదు. అదృష్టం ఆయనది కాదు, తప్పు నాది" అంది. ఆ తర్వాత, పోయినవారం నాలుగుసార్లు మీట నొక్కి, మొదట వచ్చిన రేడియో పేరు పోగొట్టిన సంగతి కూడా చెప్పింది. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

వెనకాల ఏదో బస్సు ఇంజను గుడగుడమంటోంది.

"అంటే అక్కా, నా పేరు నిజంగానే వచ్చి, పోయి, మళ్ళీ వచ్చిందా?" అన్నాడు రేడియో.

"అవునురా."

"మరి నేను నిన్ను దేవత అన్నానే!"

"వెనక్కి తీసుకో."

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. వెనకనుంచి ఎవరో, "ఇరవయ్యేళ్ళూ ఇలాగే తీశావేమో, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలుసు. జవాబు చెప్పే హక్కు పోగొట్టుకున్నానని ఊరుకుంది. మేనేజరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఎనిమిది డిపోలవాళ్ళ పాఠం రద్దయింది. ప్రోగ్రాముని బయటివాళ్ళు వచ్చి పరీక్షిస్తారని చెప్పి లోపలికి పోయాడు.

బాబాయ్ అంతసేపూ స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. "పద్నాలుగూ వరసగా ఇచ్చెయ్యాలి బాబాయ్‌కి" అన్నారెవరో. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నాకు పద్నాలుగిస్తే మీలో పద్నాలుగుమంది ఇళ్ళల్లో గొడవలు. ఒక్కటి చాలు. ఎల్లుండిది."

వెళ్తూ వెళ్తూ డ్యూటీ అక్క ముందు ఆగాడు. ఏదో ఒకటి అంటాడని ఆవిడ తలెత్తింది. ఆయన అప్పటికే గేటు వైపు తిరిగాడు.

సోమవారం మధ్యాహ్నం బస్సు తాళాల కోసం కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు, అడగొచ్చో లేదో తెలియకుండానే అడిగింది.

"పిన్ని వచ్చిందా బాబాయ్?"

"వచ్చింది."

తాళాల గుత్తి అందుకుని అక్కడే నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

"నిన్న పొద్దుట్నుంచీ ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం తల్లీ. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. మూడు నెలలు చీటీల మీదే బతికాంగా, నోటితో మాట్లాడే అలవాటు తప్పింది. మధ్యాహ్నం దాటాక అది ఏడ్చింది. సాయంత్రానికి కాస్త మాటలొచ్చాయి. ఇంతలో రోజైపోయింది."

"కోపంగా ఉందా నా మీద?"

"దానికా, నాకా?"

డ్యూటీ అక్క తాళాల పుస్తకం ఆయన ముందుకి జరిపింది.

"ఉంది" అన్నాడు నిదానం బాబాయ్, తాళం చెవి నంబరు సరిచూసుకుంటూ. "కొన్నాళ్ళుంటుంది. ఉండనియ్యి." ఎండలో నిలబెట్టిన బస్సు వైపు తన మామూలు నడకతో వెళ్ళిపోయాడు. బస్సు గేటు దాటేదాకా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయింది.